బడిలోకి పనివారు వచ్చే ముందు

శ్రోతలకు నమస్కారం.

పైకప్పు మరమ్మతుకో, కరెంటు వైరింగు మార్చడానికో, గోడలకు రంగులు వేయడానికో పాఠశాలకు బయటి పనివారు వస్తూనే ఉంటారు. పనిని గుత్తేదారుకు అప్పగించాం కాబట్టి భద్రత కూడా ఆయనే చూసుకుంటాడని యాజమాన్యాలు అనుకోవడం పరిపాటి. ఈ ధీమాయే ప్రమాదానికి మొదటి మెట్టు అని నేను గట్టిగా నమ్ముతాను. వెల్డింగ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు పది మీటర్లకు పైగా ఎగిరిపడగలవని గుత్తేదారుకు తెలుసు గానీ, ఆ గోడ అవతలి గదిలో పాత జవాబు పత్రాల కట్టలు ఉన్నాయని ఆయనకు తెలియదు. ప్రధానోపాధ్యాయునికి కట్టల సంగతి తెలుసు గానీ, రవ్వల సంగతి తెలియదు. ఈ ఇద్దరూ పని మొదలుకాక ముందే కూర్చొని, ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పుకోవాలి. పనిచోట భద్రత, ఆరోగ్యాల గురించి 2018లో వెలువడిన ఐఎస్ఓ 45001 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా గుత్తేదారు పనివల్ల సంస్థకు, సంస్థ కార్యకలాపాలవల్ల గుత్తేదారు మనుషులకు, గుత్తేదారు పనివల్ల అక్కడుండే ఇతరులకు కలిగే ముప్పును కలిసి అంచనా వేయాలని కోరుతోంది.

ఆ సమావేశంలో పాఠశాల చెప్పవలసిన వాటిలో అన్నింటికన్నా ముఖ్యమైనది భవనం చరిత్ర. పాత కట్టడాల పైకప్పు రేకుల్లోను, గొట్టాల చుట్టూ చుట్టిన పొరల్లోను ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తెలియక దానికి డ్రిల్లు పెడితే కంటికి కనబడని నూలుపోగుల వంటి ధూళి గాలిలో కలుస్తుంది. దానివల్ల వచ్చే క్యాన్సర్ బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు కనుక, ఆ రోజు తరగతిలో కూర్చున్న పిల్లవాడు నడివయసులో దాని ఫలితం అనుభవించవలసి రావచ్చు. అందువల్ల, గోడకు మేకు కొట్టే ముందు కూడా భవనం రికార్డులు గుత్తేదారు చేతికి అందాలి.

ఇక పిల్లల సంగతి. కర్మాగారంలో హెచ్చరిక బోర్డు చూసి పెద్దలు ఆగుతారు. బడిలో ఆ బోర్డే ఏడేళ్ల పిల్లలను దగ్గరికి రప్పిస్తుంది. పనివారు భోజనానికి వెళ్తూ నిచ్చెనను గోడకు ఆనించి వదిలేశారనుకోండి. ఇంటర్వెల్ గంట మోగిన రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు దాని మూడో మెట్టు మీద ఉంటారు. పది మీటర్ల ఎత్తునుంచి జారిన సుత్తి నేలను తాకేసరికి గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. దాని కింద చిన్న తల ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి తాడు కట్టి సరిపెట్టుకోకుండా పని జరిగే చోటు చుట్టూ పిల్లలు ఎక్కలేని, దూరలేని గట్టి కంచె వేయాలి. ఇసుక, ఇటుకల లారీలు బడి మొదలయ్యే, విడిచే వేళల్లో గేటు దాటి రాకూడదు, వెనక్కు నడిపేటప్పుడు దారి చూపే మనిషి తప్పక ఉండాలి. వీలైనంత వరకు ప్రమాదకరమైన పనులను సెలవుల్లోనే చేయించడం ఉత్తమం.

వచ్చే మనుషులెవరో కూడా తెలియాలి. గేటు దగ్గర పేరు నమోదు, మెడలో గుర్తింపు కార్డు, పనివారికి వేరుగా మరుగుదొడ్లు ఉండాలి. గుత్తేదారు మరొకరికి పని అప్పగిస్తే ఆ కొత్తవారికీ ఇవే నిబంధనలు వర్తిస్తాయని ఒప్పందంలోనే రాసుకోవాలి.

పాఠశాల తరఫున ఒక్కరే బాధ్యుడుగా ఉండి, అవసరమైతే పని ఆపించే అధికారం ఆ వ్యక్తికి రాతపూర్వకంగా ఇవ్వాలని నా సూచన. వెల్డింగ్ వంటి నిప్పుతో చేసే పనికి ఏ రోజుకారోజు అనుమతి పత్రం ఇవ్వడం, పని ముగిశాక కనీసం గంటసేపు అక్కడే ఒక మనిషిని కాపలా ఉంచడం ఆ వ్యక్తి చూసుకోవాలి, ఎందుకంటే సందుల్లో పడ్డ రవ్వ రాజుకోవడానికి సమయం తీసుకుంటుంది.

పని పూర్తయిన రోజున బాధ్యుడు, గుత్తేదారు కలిసి ఆవరణంతా ఒకసారి నడవాలి. మేకులు, వైరు ముక్కలు ఏరించాలి. ముఖ్యంగా తల ఎత్తి చూడాలి: దుమ్ముకు అలారం మోగకుండా పొగను పసిగట్టే పరికరాలకు పనివారు ప్లాస్టిక్ కవర్లు చుడతారు, వాటిని విప్పడం చాలాసార్లు మరచిపోతారు. ఆ కవర్లన్నీ తీశాక, అలారం ఒకసారి మోగించి చూశాక మాత్రమే, పని ముగిసిందన్న కాగితంపై సంతకం పెట్టాలి.