పూతకూ ఊపిరితిత్తికీ ఒకటే మందు

(చిత్తూరులో మామిడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే చాలవు, మన్నించండి. తోతాపురి ధర గురించి ముందువాళ్ళు మాట్లాడేశారు. నేను ముప్పై ఏళ్ళు ల్యాబులో బూజులు పెంచినవాణ్ణి, బూజు గురించే చెబుతా.

మా బావకు దామలచెరువు పక్కన తోట. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గింది, ఊపిరితిత్తిలో గుంత మిగిలింది. ఆ గుంతలో ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే బూజు ఉండ కట్టింది. దగ్గితే నెత్తురు. ఇట్రాకొనజోల్ ఇచ్చారు, తర్వాత వొరికొనజోల్. నెలలు గడిచినా లొంగలేదు. మంచం మీది నుంచే నన్నడిగాడు: "ఏం బామ్మర్దీ, తోటలో బూడిద తెగులుకు నేను మందు కొడితే పోతాది గదా, మీ డాక్టర్ల మందుకు ఇది పోదేంది?"

బావ కొట్టేది హెక్సాకొనజోల్. పేర్ల తోకలు చూడండి, అంతా ఒకే వంశం. బూజు బతకాలంటే దాని కణం పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు కావాలి. దాని తయారీని అడ్డుకోవడమే ఈ మందులన్నిటి పని. మనం కొట్టేది పూత మీది తెగులుకే. కానీ ఆ తుంపర కింద రాలిన ఆకుల్లో, పెంటదిబ్బలో ఉండే ఫ్యుమిగేటస్ మీదా పడుతుంది. చచ్చేవి చస్తాయి. జన్యువు మారి తట్టుకున్నవి పెరుగుతాయి. వాటి బీజాలు గాలిలో కలుస్తాయి. రోజూ మనం వందల బీజాలు పీలుస్తాం, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. బావలా ఊపిరితిత్తి దెబ్బతిన్నవాళ్ళలో అలాంటి మొండిది పాతుకుంటే, డాక్టరిచ్చే అదే వంశం మందుకు లొంగదు.

ఇలాంటి మొండి బూజు నెదర్లాండ్స్‌లో 1998 నాటి రోగి నమూనాలోనే ఉంది. మన దేశంలో 2012లో ఢిల్లీ పరిశోధకులు బయటపెట్టారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర శిలీంధ్రాల జాబితా వేసి, ఫ్యుమిగేటస్‌ను మొదటి వరుసలో పెట్టింది.

బావ బూజు బావ తోటలోదే అనను. ఎక్కడిదైనా కావచ్చు. ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష ఒకటుంది, ఎవరూ అడగలేదు. ఆ పనే చేసి రిటైరైన నేనూ అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ... సరే, వదిలేయండి.

పూత మీద ఈ మందు రెండుసార్ల కంటే ఎక్కువ కొట్టేవాళ్ళు చేతులెత్తండి. అబ్బో! దించండప్పా, నేను లెక్క రాసుకోను. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకంతో మొదలుపెట్టండి. ప్రతిసారీ ఒకే వంశం మందు వద్దు. అంతే అడుగుతున్నా.

గంట కొట్టారు, దిగుతున్నా. బావ తోట ఇప్పుడు మా మేనల్లుడు చూస్తున్నాడు. అదిగో, ముందు వరుసలోనే ఉన్నాడు. ఈసారి పూతకు ఏం కొన్నాడో మీరే అడగండి.