అమ్మ ఓటరు కార్డుతో ఖాట్మండు వెళ్లొచ్చింది

నమస్తే అండీ. ఇవాళ జర్మనీలో నేనుండే ఆఖెన్ నుంచి కాదు, హైదరాబాద్‌లో మా తార్నాక ఇంట్లోంచి మాట్లాడుతున్నాను. వెనక వినిపిస్తున్నది కుక్కర్ విజిల్, అమ్మ పప్పు పెట్టింది. మొన్ననే నలుగురం నేపాల్ వెళ్లి తిరిగొచ్చాం. పాస్‌పోర్టు లేని అమ్మని వేరే దేశానికి ఎలా తీసుకెళ్లామో వివరంగా చెప్పాలనే ఈ వీడియో చేస్తున్నాను.

ముందు ఇది చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. నంబర్ మీద బొటనవేలు పెట్టాను, ఏమనుకోకండి. ఇది అమ్మ పాత ఓటరు కార్డు. నలుపు తెలుపు ఫోటో, జడ భుజం మీదుగా ముందుకి వేసుకుని ఉంది. లామినేషన్ నాలుగు మూలలా విడిపోయింది, పేరు మీద పసుపు మరక. ఏళ్ల తరబడి బీరువాలో పట్టుచీరల కింద, కుంకుమ పొట్లాల పక్కనే ఉంది మరి.

అమ్మకి 61 ఏళ్లు. ఒకసారి పాస్‌పోర్టు కోసం ప్రయత్నించాం. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, పుట్టిన తేదీ రెండు చోట్లా రెండు రకాలు. అవి సరిచేయించడానికి తిరిగి తిరిగి అమ్మ విసిగిపోయింది. "వద్దు బిడ్డా, మీరే వచ్చి పోండ్రి" అనేసింది. నేను ఆఖెన్ వెళ్లి తొమ్మిదేళ్లయింది. నేనుండే ఇల్లు, నా వంటగది, కిటికీలోంచి కనిపించే చెట్టు, అన్నీ అమ్మ ఫోన్‌లో చూసినవే. అది నాకు చాలా బాధ.

ఆఖెన్ జర్మనీ అంచున ఉంటుంది. సిటీ బస్సెక్కితే కాసేపట్లో నెదర్లాండ్స్‌లోని వాల్స్ అనే ఊరు వస్తుంది. ఆదివారం మా దగ్గర సూపర్ మార్కెట్లు మూసేస్తారు కాబట్టి పాలకీ కూరగాయలకీ అక్కడికే పోతుంటాం. ఆ ఊరి కొండ మీద, 322 మీటర్ల ఎత్తులో, జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం మూడూ కలిసే రాయి ఉంది. పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ మూడు దేశాలూ చుట్టేస్తుంటారు. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊళ్లో తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేయడానికి ఐదు దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి, అది 1995 మార్చి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 29 దేశాలున్నాయి అందులో.

ఒకరోజు ఆ రాయి దగ్గర నిలబడి అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తున్నాను. "గట్లెట్ల నడుచుకుంట పోతున్నరే వాళ్లు? పాస్‌పోర్టు అడగరా?" అంది. అడగరమ్మా అన్నాను గానీ, నా బ్యాగులో నా పాస్‌పోర్టూ రెసిడెన్స్ పర్మిట్ కార్డూ ఉన్నాయి. మనలాంటి వాళ్లు పక్క దేశంలో అడుగుపెట్టాలంటే ఆ రెండూ దగ్గరుండాలి. పైగా 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది. బస్సు ఆపి చూసిన రోజులున్నాయి. అక్కడున్న మన పిల్లలకి చెబుతున్నాను, పాల ప్యాకెట్ కోసమైనా సరే, అవి లేకుండా వెళ్లకండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకి కూడా అలాంటి పొరుగు దేశం ఉంది కదా, అమ్మని అక్కడికైనా తీసుకెళ్లొచ్చు కదా అని. 1950 జులై 31న ఖాట్మండులో భారత్, నేపాల్ శాంతి మైత్రి ఒప్పందం చేసుకున్నాయి. అందులో 7వ అధికరణం ప్రకారం ఒక దేశం వాళ్లు ఇంకో దేశంలో ఉండొచ్చు, తిరగొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. వీసా అక్కర్లేదు. మా వీధిలో ఒక పెద్దమ్మ రైల్లో గోరఖ్‌పూర్ వెళ్లి, సరిహద్దులో సునౌలీ గేటు దాటి నేపాల్‌లో లుంబినీ, ముక్తినాథ్ చూసొచ్చింది.

విమానంలో వెళ్తే మాత్రం లెక్క వేరు. పాస్‌పోర్టు అయినా ఉండాలి, లేదంటే ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డయినా ఉండాలి. ఆధార్ చెల్లదు. 65 దాటినవాళ్లకీ 15 లోపు పిల్లలకీ మాత్రం ఆధార్ లాంటి ఫోటో ఉన్న గుర్తింపు సరిపోతుంది. మేం టికెట్ల కోసం అడిగిన ట్రావెల్ ఏజెంటు "అందరికీ ఆధార్ చాలు మేడమ్" అని ధీమాగా చెప్పాడు. నమ్మి ఉంటే అమ్మని ఎయిర్‌పోర్టులోనే వదిలి వెళ్లాల్సి వచ్చేది. ఎవరు చెప్పినా సరే, ఇమిగ్రేషన్ నిబంధనలు మీరే స్వయంగా చదువుకోండి.

పాత కార్డు అంచులు చూశారుగా, దాన్ని తీసుకెళ్లే ధైర్యం లేదు. ఆఖెన్ నుంచే ఆన్‌లైన్‌లో ఎన్నికల సంఘం ఫారం 8 నింపి దాని బదులు కొత్త కార్డుకి పెట్టాను. పోస్టులో కొత్తది వచ్చిన రోజు అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టి ఫోటో తీసి పంపింది.

ఇక ప్రయాణం రోజు. శంషాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా టికెట్లు. మా ముందు ఒక కుటుంబం, భార్యాభర్తలిద్దరూ నలభైల్లో ఉంటారు, చేతిలో ఆధార్ తప్ప ఏమీ లేదు. కౌంటర్లో కుదరదన్నారు. వాళ్ల పిల్లాడు సూట్‌కేసు మీద కూర్చుని ఏడుస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది. మా వంతు వచ్చింది. అమ్మ కొంగు ముడి విప్పి కార్డు తీసి ఇచ్చింది, ఇంకో చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. కౌంటర్లో అమ్మాయి కార్డు తిప్పి చూసింది, అమ్మ ముఖం చూసింది, బోర్డింగ్ పాసు ఇచ్చేసింది. "గింతేనా?" అంది అమ్మ.

మా నలుగురివీ నాలుగు రకాల కాగితాలండీ. బాపుకి 68, ఆయన ఆధార్‌తో. అమ్మ ఓటరు కార్డుతో. నేను ఇండియన్ పాస్‌పోర్టుతో. నాకు ఓటరు కార్డు లేదు. విదేశాల్లో ఉండే మన పౌరులు ఫారం 6ఏతో నమోదు చేసుకుంటే కార్డు ఇవ్వరు, పాస్‌పోర్టు చూపించే ఓటేయాలి. ఇంకో మాట, జర్మనీ నుంచి నేరుగా ఖాట్మండు వెళ్లినా నాకు పాస్‌పోర్టు తప్పనిసరే. ఇక మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరుడయ్యాడు. వాడి ఓసీఐ కార్డు, అంటే వేరే దేశం పౌరులైన మన మూలాల వాళ్లకి ఇచ్చేది, మన దేశానికి రావడానికి, ఉండడానికే. నేపాల్ దృష్టిలో వాడు అమెరికన్.

ఖాట్మండు త్రిభువన్ ఎయిర్‌పోర్టులో దిగాక మా ముగ్గురినీ కాగితాలు చూసి పంపేశారు. తమ్ముడు వీసా లైన్లో నిలబడ్డాడు, 15 రోజులకి 30 డాలర్లు. అమ్మ ఇవతల ఆగిపోయి వెనక్కి చూస్తోంది. "చిన్నోడేడి?" వాడికి వీసా తీసుకోవాలమ్మా అన్నాను. "నా కడుపున పుట్టినోడే కదనే. నాతోని ఎందుకు రానిస్తలేరు?" నేను ఓసీఐ, పౌరసత్వం అని ఏదో చెప్పబోయాను. అమ్మ వినలేదు. వాడు బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడి, రాగానే వాడి చెయ్యి పట్టుకుంది. ఆ రోజంతా వదల్లేదు.

పశుపతినాథ్ దర్శనం గురించి ఇంకో వీడియో చేస్తాను, అది ఇందులో పట్టదు. మన వంద రూపాయలకి వాళ్లవి 160, ఆ లెక్క అమ్మకి మొదటి దుకాణంలోనే వచ్చేసింది. నేపాల్ టైము మనకంటే 15 నిమిషాలు ముందు. మా ఫోన్లు మారాయి, బాపు మాత్రం చేతి గడియారం మార్చలేదు, మన టైమే ఉంచుకున్నాడు.

తిరిగొచ్చాక నిన్న అమ్మ అడిగింది, "ఇంక గీ కార్డుతోని ఏడికి పోవచ్చు?" అని. భూటాన్ వెళ్లొచ్చమ్మా అన్నాను. అక్కడ పర్మిట్ తీసుకోవాలి, మనవాళ్లకి రాత్రికి 1200 రూపాయల ఫీజు ఉంటుంది, ఆధార్ చెల్లదు, బాపు ఓటరు కార్డు కూడా వెతకాలి. "సలి ఎక్కువుంటదా?" అంది. ఉంటుందన్నాను.

ఇదిగో, అమ్మ వచ్చింది, కార్డు అడుగుతోంది. ఏంటమ్మా?

"వీడియో అయిపోయిందా? అయితే ఇటియ్యి, బీరువల పెడ్త. మల్ల ఎలక్షన్లకు కావాలె."