మంచం మీద పడుకున్న ప్రతి ఆడమనిషీ విరహిణేనా?

"పాపం, ఎవరి కోసమో ఎదురుచూస్తోంది." చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1940లో వేసిన ఈ బొమ్మ, 'Woman Resting on Charpoy' (నులకమంచం మీద సేద తీరుతున్న ఆడమనిషి), ఎవరికి చూపించినా ముందొచ్చే మాట ఇదే. లేదంటే ఒంట్లో బాగోలేదేమో అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆడమనిషి కాసేపు నడుం వాల్చాలంటే విరహమో జ్వరమో ఉండి తీరాలా?

నెల్లూరులో రోహిణి కార్తె మధ్యాహ్నం అనుకోండి. అందరి భోజనాలూ అయ్యాక వదిన వరండాలో నులకమంచం మీద ఇప్పుడే ఒరిగింది. గేటు చప్పుడైంది. గబుక్కున లేచి కూర్చుని పైట సర్దుకుంటుంది. వచ్చింది కొరియర్ అబ్బాయైనా సరే!

ఇప్పుడు బొమ్మ చూడండి. గేటు దగ్గర నిలబడింది మనమే. ఈమె లేవలేదు. ఎర్ర బట్టల్లో, మోకాలు మడిచి, ఒళ్లంతా మంచానికి వదిలేసింది. మనం వచ్చిన ధ్యాసే లేదు. ఇటలీ చిత్రకారుడు టిషియన్ 1538లో వేసిన 'ఉర్బినో వీనస్' బొమ్మలో ఆవిడ కూడా పడుకునే ఉంటుంది, కానీ చూపు సూటిగా మన మీదే. మనం వస్తామని ఆవిడకు ముందే తెలుసు.

సరే, మంచం పక్కన చూడండి. విసనకర్ర పట్టుకుని ఇంకో ఆడమనిషి. మళ్లీ మన వరండాకే రండి. వదిన ఒరిగిన ఆ గంటలో పెరట్లో అంట్లు తోముతున్నదెవరు? ఆమె ఎప్పుడు పడుకుంటుంది? నా వరకు ఈ బొమ్మ తేల్చకుండా వదిలేసిన ప్రశ్న అదే. షేర్‌గిల్ అప్పుడు గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో, వాళ్ల కుటుంబానికి చక్కెర మిల్లు ఉన్న ఊళ్లో ఉండేది. పెద్దింటి ఆడవాళ్ల మధ్యాహ్నాలు ఆమె దగ్గర్నుంచి చూసినవే. పడుకున్నామెకూ పూర్తి సుఖం లేదు. మంచం కోళ్లు చూడండి, చుట్టూ నిప్పులా ఎర్రగా లేచి ఉన్నాయి. ఆ వేడి విసనకర్రతో తగ్గేది కాదు.

టైమ్ అయిపోతోంది, రంగుల సంగతి గబగబా చెప్పేస్తా. పారిస్‌లో చదివి 1934లో తిరిగొచ్చాక ఆమె అజంతా చూసింది, హిమాలయ కొండ రాజ్యాల్లో వేసిన పహాడీ చిత్రాలు చూసింది. నీడలతో లోతు చూపించే పద్ధతి తగ్గించి, రంగును చదునుగా పరవడం అక్కడి నుంచే వచ్చింది. 1941లో లాహోర్‌లో చనిపోయేనాటికి ఆమెకు 28 ఏళ్లే. బొమ్మ ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌ది. జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎప్పుడైనా అటు వెళ్తే, ప్రదర్శనలో ఉందేమో కనుక్కుని వెళ్లండి. ఫోన్ స్క్రీన్ మీద ఆ ఎరుపు సగం కూడా కనపడదు.