పద్నాలుగో వరుసలో తెలిసే సంగతి

[తెర మీద: నల్లటి నేపథ్యం, నాలుగు గ్రీకు వరుసలు]

క్లాసిక్స్, అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువు. ఇందులో పీజీకి చేరగానే గైడ్ అడిగే ప్రశ్న: "మీ మెథడాలజీ ఏంటి?" అప్పటిదాకా అనువాదం, వ్యాకరణం చేసుకుంటూ వచ్చినవాళ్లకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. సిద్ధాంతాల పేర్లు ఏకరువు పెట్టడం కంటే ఒక్క పద్యం పట్టుకుందాం.

సాఫో 31వ శకలం. సాఫో క్రీ.పూ. 600 ప్రాంతంలో లెస్బోస్ దీవిలో జీవించిన కవయిత్రి. ఈ పద్యంలో ఒక అమ్మాయి మాట్లాడుతోంది, నవ్వుతోంది. ఆమె ఎదురుగా ఒకడు కూర్చుని వింటున్నాడు. ఆమెను చూస్తున్న మరొకరికి గొంతు పెగలదు, ఒళ్లంతా మంట, చెవుల్లో హోరు.

ఇది మనకు దక్కింది లాంగైనస్ అనే పేరుతో పిలిచే ఒక విమర్శకుడి పుణ్యాన. ఆయన తన గ్రంథంలో ఉదాహరణగా ఎత్తి రాశాడు. ఆయన ఆపిన చోటే మన పద్యమూ తెగిపోయింది.

[తెర మీద: తొమ్మిదో వరుస పెద్దదిగా]

ఇక్కడ "నాలుక విరిగింది" అని ఉంది. గ్రీకులో ఆ రెండు మాటల మధ్య అచ్చు మీద అచ్చు పడుతుంది, ఛందస్సు ఒప్పుకోదు. పాఠ పరిష్కర్తల్లో, అంటే పాత ప్రతులు పోల్చి అసలు పాఠం తేల్చేవాళ్లలో, కొందరు లేఖకుడి తప్పనుకుని మాట మార్చారు. ఆ క్రియ మొదట్లో పూర్వం 'వ్' ధ్వని ఉండేదని, అప్పుడు అచ్చు మీద అచ్చు పడదని మరికొందరి వాదన. తడబాటు కావాలనే పెట్టిందనేవాళ్లూ ఉన్నారు. నాకు ఈ మూడోది భలే నచ్చుతుంది, కానీ నచ్చడం రుజువు కాదు!

ఇక ఆ మగవాడెవరు? 1913లో విలమోవిట్స్ అనే జర్మన్ పండితుడు అతను పెళ్లికొడుకనీ, ఇది పెళ్లి పాటనీ అన్నాడు. పద్యంలో పెళ్లి మాటే లేదు. స్త్రీవాద విమర్శ పట్టుకున్నది ఇలాంటి చోట్లనే: ఒక స్త్రీ కోరికను చదివేటప్పుడు పండితుడి కళ్లు మగవాడి మీదికి ఎందుకు పోయాయి?

అయితే మాట్లాడుతున్నది స్త్రీ అని మనకెలా తెలుసు? 14వ వరుసలో, "గడ్డి కంటే పచ్చగా అయిపోయాను" అనే చోట, స్త్రీలింగ రూపాలు వస్తాయి. అంతవరకూ వ్యాకరణం ఆ సంగతి బయటపెట్టదు. అంటే స్త్రీ, పురుష భేదాన్ని చర్చించే జెండర్ థియరీ మొత్తం ఇక్కడ లింగాన్ని చెప్పే ప్రత్యయాల మీద నిలబడి ఉంది. థీసిస్ మొదటి అధ్యాయంలో సిద్ధాంతకర్తల పేర్లు పేర్చి, తర్వాత వాళ్లని మర్చిపోయే విద్యార్థులకి ఈ వరుస చూపించాలి.

[తెర మీద: గ్రీకు పక్కన లాటిన్]

పాఠ పరిష్కరణ, స్త్రీవాద విమర్శ చూశాం, చివరిది రిసెప్షన్. తర్వాతి కాలాలవాళ్లు ఒక రచనను ఎలా అందుకున్నారో చూసే పద్ధతి. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో రోమన్ కవి కటుల్లస్ ఈ పద్యాన్నే అదే ఛందస్సులో లాటిన్‌లోకి తెచ్చాడు, 51వ పద్యంగా. ఆ అమ్మాయికి లెస్బియా అని పేరు పెట్టాడు. తన గురించి చెప్పుకునేటప్పుడు "దీనుడినైన నాకు" అని పుంలింగంలో అంటాడు. సాఫో 14వ వరుస దాకా దాచిన సంగతి, ఇతను ఐదో వరుసలోనే చెప్పేశాడు.