తుపాకీ లేని విమానం

అందరికీ నమస్కారం. యుద్ధవీరుడు అనగానే మనకి బాంబులు వేసినవాడో, శత్రు విమానాన్ని కూల్చినవాడో గుర్తొస్తాడు. నేను ఈరోజు చెప్పబోయే మనిషి ఆ విమానంలో ఒక్క తూటా పేల్చలేదు, పేల్చడానికి అందులో తుపాకీయే లేదు. అయినా మహావీర చక్ర ఒకసారి 1962లో, ఇంకోసారి 1965లో అందుకున్నారు. ఆయన పేరు జగ్ మోహన్ నాథ్. ఆ పతకం రెండుసార్లు వచ్చినవాళ్లు మన దేశంలో ఆరుగురే.

ఆయన భారత వైమానిక దళంలోని 106వ స్క్వాడ్రన్ అనే దళంలో కాన్‌బెర్రా అనే విమానం నడిపేవారు. రెండు ఇంజిన్లు, లోపల పైలట్, నావిగేటర్, కింద కెమెరాలు, అంతే.

ఫొటోలు తీయడమేగా అనుకోకండి. ఒక ఫొటోలో పడిన నేల సగానికి పైగా తర్వాతి ఫొటోలో కూడా పడాలి, అప్పుడే రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపించే స్టీరియోస్కోప్‌లో చూస్తే ఎత్తుపల్లాలు లేచి కనిపిస్తాయి, ఏది గుట్టో ఏది దాచిపెట్టిన ఫిరంగో తెలుస్తుంది. దానికోసం విమానం ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, గీత గీసినట్టు పోవాలి. ఎవరైనా కాలుస్తుంటే ప్రాణభయంతో చెయ్యి దానంతటదే పక్కకి తిప్పేస్తుంది కదా, ఇక్కడ తిప్పితే ఫొటో పోయినట్టే. పైగా ఇప్పట్లా ఆకాశం నుంచే ఫొటో పంపే వీలు లేదు, ఫిల్మ్ ఇంటికి చేరాలి. 1959 ఏప్రిల్‌లో ఇదే స్క్వాడ్రన్ కాన్‌బెర్రాని రావల్పిండి దగ్గర పాకిస్తాన్ సేబర్ విమానం కూల్చేసింది, అందులోని ఇద్దరూ పారాచూట్లతో దూకి బతికారు. అది తెలిసీ ఈయన వెళ్లేవారు.

అక్సాయ్ చిన్, టిబెట్ మీదుగా వెళ్లి చైనా సైన్యం కదలికలు ఫొటోలు తీసుకొచ్చారు. వాటిని ఢిల్లీలో నమ్మలేదని చాలా ఏళ్ల తర్వాత ఇంటర్వ్యూల్లో ఆయనే బాధపడుతూ చెప్పారు. 1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. మన వైమానిక దళాన్ని ఆ యుద్ధంలో దాడికి వాడనే లేదు. ప్రాణం పణంగా పెట్టి తెచ్చిన సమాచారం పక్కన పడేస్తే మనలో ఎవరికైనా మనసు విరిగిపోతుంది. నాకు మాత్రం ఆయనలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ తర్వాత జరిగింది.

మూడేళ్లకి మళ్లీ యుద్ధం వచ్చింది, ఆయన మళ్లీ వెళ్లారు. ఈసారి పాకిస్తాన్ ఎయిర్‌ఫీల్డ్‌ల మీదకి, పట్టపగలు, కాపలాగా ఒక్క ఫైటర్ కూడా వెంట లేకుండా. ఎదుటివాళ్ల దగ్గర ధ్వని కంటే రెట్టింపు వేగంతో వచ్చే స్టార్‌ఫైటర్ యుద్ధ విమానాలున్నాయి, కాన్‌బెర్రా ధ్వని వేగాన్నైనా అందుకోలేదు. ఇంకో సంగతి, ఆయన పుట్టింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్‌లోనే. తను పుట్టిన గడ్డ మీదుగా, కెమెరా తిరుగుతుండగా, తిన్నగా వెళ్లి ఫిల్మ్‌తో తిరిగొచ్చారు.

ఆయనతో పాటు ఆ విమానంలో కూర్చున్న నావిగేటర్‌ని కూడా ఒక్కసారి తలుచుకోండి. అతని చేతిలో స్టీరింగ్ కూడా లేదు.