స్టెప్నీ లేకుండా బండి తీస్తారా?

నమస్తే అండీ. చప్పుడు వినిపిస్తోంది కదా, వాన. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటి ముందే నిలబడి మాట్లాడుతున్నాను. నా వెనకున్నదే మా బండి. ఫియట్ డుకాటో అనే వ్యాన్ మీద కట్టిన మోటర్‌హోమ్, అంటే చక్రాల మీద ఇల్లు. 2014 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మొన్న దీంట్లో వేల్స్ వెళ్ళొచ్చాం. బీచ్‌లు కూడా చూపిస్తాను గానీ ఈ వీడియోలో ఎక్కువగా టైర్లు, సీట్లు, తూకాలే. ముందే చెప్పేశాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

అసలు ఈ కథంతా మా అత్తయ్య గారి వల్ల మొదలైంది. మే నెలలో తెనాలి నుంచి వచ్చారు. మామయ్య గారు ముప్ఫై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి, కాబట్టి బండి అంటే ఆవిడకి మాకన్నా ఎక్కువ తెలుసు. లోపల పొయ్యి చూశారు, ఫ్రిజ్ చూశారు, మంచం రెండు చేతులతో నొక్కి చూశారు. ఏమీ అనలేదు. కిందికి దిగి, వెనక్కి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని వంగి బండి అడుగు చూసి, "స్టెప్నీ ఏదిరా?" అన్నారు.

మా ఆయన ఒక డబ్బా తెచ్చి చూపించాడు. ఇదిగో, ఇదే. ఇందులో ఒక సీసాలో జిగురు లాంటి ద్రవం, ఒక బుల్లి గాలి పంపు ఉంటాయి. ఇక్కడ చాలా మోటర్‌హోమ్‌లకి కంపెనీ ఇచ్చేది ఇదే. స్టెప్నీ ఉండదు. మేకు దిగితే ఆ ద్రవం ఎక్కించి, గాలి కొట్టి, మెల్లగా షాపు దాకా పోవచ్చు. టైరు పక్కగోడ చీరితే మాత్రం అది ఎందుకూ పనికిరాదు. అత్తయ్య గారు ఆ సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "దగ్గు మందులా ఉంది. స్టెప్నీ లేకుండా బండి తీస్తారా ఎవరన్నా?" అన్నారు. అంతే, మా ఆయనకి ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాడు టైర్ల షాపుకి వెళ్ళి, అలవాటు కొద్దీ "స్టెప్నీ కావాలి" అని అడిగాడు. అతను తెల్లబోయి, స్టెప్నీ అంటే తూర్పు లండన్‌లో ఉందన్నాడట. అక్కడ స్టెప్నీ గ్రీన్ అని ట్యూబ్ స్టేషన్ ఉంది లెండి. స్పేర్ వీల్ అంటే తప్ప ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, దీంతో మళ్ళీ పని ఉంది.

ఒక పాత సామాన్ల యార్డులో రిమ్‌తో సహా చక్రం దొరికింది. టైరు చూస్తే కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. కానీ పక్కన డాట్ అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చదవాలి. 0911 అని ఉంది. అంటే 2011లో తొమ్మిదో వారంలో తయారైనది! మోటర్‌హోమ్ టైర్లకి ఇదే చిక్కు. బండి ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది కాబట్టి అరుగుదల కనపడదు, లోపల రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. రిమ్ ఒక్కటే తీసుకుని టైరు కొత్తది వేయించాం. మా సైజు 215/70 ఆర్ 15, దాని వెనక సీపీ అని ఉంటుంది. ఎప్పుడూ నిండు బరువుతో ఉండే క్యాంపర్ బండ్ల కోసం చేసినవన్న మాట. వెనక టైర్లలో గాలి 5.5 బార్, అంటే 80 పీఎస్‌ఐ. మీ కారు పంపు అంత కొట్టగలదో లేదో ఇంట్లోనే చూసుకోండి. చిన్న పంపులు చాలా వాటికి అంత ఒత్తిడి దాకా ఊపిరి చాలదు.

సరే, చక్రం వచ్చింది. పెట్టేది ఎక్కడ? వ్యాన్ అయితే వెనక తలుపుకి తగిలించవచ్చు. మాది ఫైబర్ గోడ, వేలాడదీస్తే గోడే ఊడి వస్తుంది. లోపల పెడితే నా సామాన్ల అర పోతుంది, దానికి నేను ఒప్పుకోలేదు. చివరికి వెనక ఛాసిస్ కింద ఒక ఊయల లాంటి ఫ్రేమ్ బిగించి అందులో పడుకోబెట్టాం. బయటివాళ్ళకి ఇల్లు, కిందికి వంగి చూస్తే లారీ.

ఇప్పుడు అసలు తలనొప్పి. నేను ఇక్కడ లైసెన్స్ తీసుకుంది 2009లో. 1997 జనవరి 1కి ముందు కారు లైసెన్స్ తీసుకున్నవాళ్ళకి 7,500 కిలోల దాకా నడిపే హక్కు దానితోపాటే వచ్చింది. ఆ తర్వాత తీసుకున్న మా బోటివాళ్ళకి 3,500 దగ్గర గీత. అందుకే ఇక్కడ మోటర్‌హోమ్‌లు చాలావరకు సరిగ్గా 3,500కే చేస్తారు. ఆ 3,500లో మనం, మన సామాను, నీళ్ళు, గ్యాసు అన్నీ ఉండాలి.

సామానంతా సర్దుకుని, అందరం ఎక్కి, వే బ్రిడ్జి మీదకి తీసుకెళ్ళాం. స్టెప్నీ బిగించక ముందు సంగతి ఇది. మొత్తం 3,490 కిలోలు, వెనక యాక్సిల్ మీద, అంటే వెనక చక్రాల ఇరుసు మీద, 1,960. వెనక పరిమితి 2,000. పర్వాలేదు అనుకున్నాం. చక్రం 25 కిలోలు, ఫ్రేమ్ 8 కిలోలు, కలిపి 33 పెరుగుతుంది కదా అని నేను లెక్క వేశాను. మా ఆయన నవ్వి, వంటింట్లోంచి స్కేలు తెచ్చి రబ్బరు ముక్క మీద పెట్టి చూపించాడు. చక్రం ఉన్న చోటు వెనక యాక్సిల్‌కి రెండు మీటర్లు అవతల. ముందు వెనక చక్రాల మధ్య దూరం నాలుగు మీటర్లు. పార్కులో పిల్లలు ఎక్కే తూగుడు బల్ల లాంటిదే. చివర 33 పెడితే వెనక యాక్సిల్ మీద దాదాపు 50 పడుతుంది, ముందు నుంచి 16, 17 లేచిపోతుంది. మా బండికి ఇంజిన్ లాగేది ముందు చక్రాలనే, కాబట్టి ముందు తేలికైతే తడి గడ్డిలో చక్రం అక్కడే గిరగిరా తిరుగుతుంది.

అంటే పరిమితి కన్నా మొత్తం మీద 23 ఎక్కువ, వెనక 10 ఎక్కువ. ఇంకా సీటు సంగతి లెక్కలోకే రాలేదు.

సీటు ఎందుకంటే, మాకు బెల్టులున్న సీట్లు నాలుగే. ముందు రెండు, డైనింగ్ బల్ల వెనక రెండు. పక్కకి తిరిగి కూర్చునే సోఫా ఒకటి ఉంది గానీ దానికి బెల్టు లేదు, బండి కదులుతుంటే అక్కడ ఎవరినీ కూర్చోనివ్వను. మా పాపకి ఐదేళ్ళు. ఇక్కడ 12 ఏళ్ళు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్లు పెరిగేదాకా చైల్డ్ సీటు ఉండాల్సిందే. కారులోది తెచ్చి పెడదామంటే దానికి కింద ఒక కాలు ఉంది, నేలకి ఆనేది. మా బండిలో ఆ చోట నేల కింద బోలు, సామాను పెట్టే అర. కాలు అక్కడ ఆనించకూడదు. మెత్తటి స్పాంజి దిండు మీద సీటు అటూ ఇటూ ఊగుతుంది కూడా. షాపువాళ్ళని బండి దగ్గరకే రమ్మని, కాలు లేని, మూడు చోట్ల పట్టే బెల్టుతో బిగిసే సీటు ఎంచుకున్నాం. దాని పక్కన నేను. వీపు నిటారుగా ఉండే సీటు, తలకి ఆనుకోడానికి ఏమీ లేదు. పాత పల్లె వెలుగు బస్సులో కూర్చున్నట్టే.

అత్తయ్య గారికి ముందు సీటు. మోకాళ్ళ నొప్పులతో ఆ ఎత్తు మెట్టు ఎక్కలేరు. ఇంటి భాగానికి ఉన్న గుమ్మం మెట్టు తక్కువే, కానీ లోపలి నుంచి ముందు సీట్లోకి వెళ్ళాలంటే ఒళ్ళు మెలి తిప్పుకోవాలి. అందుకని ఆ సీటు కింద తిరిగే ప్లేటు వేయించాం. ఇలా... ఈ లివర్ లాగి, తలుపు కొంచెం తెరిచి తిప్పితే, చూశారా, సీటు ఇంట్లోకి తిరిగింది. ఆవిడ లోపలి నుంచి కూర్చుంటారు, మేము ముందుకు తిప్పి లాక్ చేస్తాం. లాక్ 'టక్'మని వినపడాలి, తిరిగి ఉన్న సీటుతో బండి కదలకూడదు. డ్రైవర్ సీటుకి వేయించలేదు. అక్కడ తలుపు వైపు హ్యాండ్‌బ్రేక్ అడ్డం. దాన్ని దించితే గానీ సీటు తిరగదు, దించితే బండి జారుతుందేమోనని టెన్షన్.

ప్లేటు వేశాక ఆవిడ కూర్చుని చూస్తే కాళ్ళు నేలకి ఆనలేదు! ప్లేటు మందం కొద్దీ సీటు పైకి లేచింది. ఆవిడ ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. గాల్లో కాళ్ళు ఊపుకుంటూ, "తిరనాళ్ళ రంగులరాట్నంలా ఉందమ్మాయ్" అన్నారు. వెంటనే నేను వంటింటి పీట తెచ్చి కాళ్ళ కింద పెట్టాను. మా ఆయన తీసేశాడు. గట్టిగా బ్రేక్ వేస్తే పీట ఎగిరి ఎవరికి తగులుతుందో తెలీదు. ఆయనదే కరెక్టు, అప్పుడు ఒప్పుకోలేదంతే. చివరికి సీటు కింది పెట్టె తీసేసి తక్కువ ఎత్తుది వేయించాం. చాలా బండ్లలో ఇంటి లైట్ల బ్యాటరీ ఆ పెట్టెలోనే ఉంటుంది, ముందు అది చూసుకోండి. మాది వేరేచోట ఉంది కాబట్టి సరిపోయింది. పీట మాత్రం బండిలోనే ఉండిపోయింది, అరలో.

ఈ సీటు పని వల్ల ఇంకో పది కిలోలు. దేన్ని తీసెయ్యాలి? స్టెప్నీ తీసేద్దామంటే అత్తయ్య గారు రారు. అత్తయ్య గారి ఆవకాయ జాడీ తీసేద్దామంటే నేను రాను. అప్పుడు తట్టింది, నీళ్ళ ట్యాంకు వంద లీటర్లు, అంటే వంద కిలోలు. దారి పొడుగునా ఆ నీళ్ళు మోసుకుపోవడం ఎందుకు? ఇరవై ఉంచి ఎనభై వదిలేశాం, చేరాక క్యాంప్‌సైట్‌లో నింపుకోవచ్చు. బియ్యం బస్తా వెనక నుంచి తెచ్చి బల్ల కింద పెట్టాం. మళ్ళీ వే బ్రిడ్జి ఎక్కితే మొత్తం 3,453. ఆ చీటీ ఫ్రిజ్ మీద అంటించాను, పాప ప్రోగ్రెస్ కార్డు పక్కన.

ఇక వేల్స్. ఎమ్ 4 మోటర్‌వే మీద పడమరకి పోతే సెవెర్న్ నది మీద పెద్ద వంతెన దాటగానే వేల్స్. 2018 డిసెంబర్ నుంచి టోల్ లేదు. బోర్డులన్నీ రెండు భాషల్లో. రోడ్డు మీద తెల్ల అక్షరాలతో ఏ ఆర్ ఏ ఎఫ్ అని రాసి ఉంటుంది, నిదానం అని అర్థం. వాళ్ళ భాషలో ఎఫ్‌ని 'వ' అని పలుకుతారు. మా ఆయన "అరవ్" అని చదివేసరికి వెనక నుంచి పాప నిజంగానే అరిచింది. రోడ్డే చెప్పాక ఇక ఆపేదెవరు? రెండు రోజులు అదే ఆట.

గవర్ ద్వీపకల్పం వెళ్ళాం. బ్రిటన్‌లో ప్రకృతి అందాల రక్షిత ప్రాంతంగా మొట్టమొదట, 1956లో, ప్రకటించింది దీన్నే. సన్న దారులు, రెండు వైపులా పచ్చటి కంచె. ఆ పచ్చదనం లోపల రాతి గోడ ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకి తీశాం, అంతే. ఎడమ వెనక టైరు పక్కగోడ అరచేయంత పొడవున చీరుకుపోయింది. శనివారం సాయంత్రం ఐదు. దగ్గు మందు సీసా అరలోనే ఉంది, దాని వైపు ఎవరం చూడలేదు.

మెల్లగా ఒక పొలం గేటు ముందు గట్టి నేల మీదకి చేర్చాం. అత్తయ్య గారు దిగి, పీట వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. "ముందు బోల్టులు వదులు చెయ్యి, తర్వాత జాకీ ఎత్తు" అని అక్కడి నుంచే. మేం ఇంటి దగ్గర రిహార్సల్ చేశాం గానీ నాలుగు టైర్లూ బావున్నప్పుడు చేశాం. ఇప్పుడు వెనక టైరు పోయి బండి కుంగింది, కింద ఉన్న స్టెప్నీ బయటికి జరగదు! జాకీ వేసి బండి లేపాకే అది వచ్చింది. మీరు ప్రాక్టీస్ చేస్తే ఇది గుర్తు పెట్టుకోండి. ఇంకోటి, మాకున్నవి అల్లాయ్ చక్రాలు, స్టెప్నీ ఇనప రిమ్. రెండింటి బోల్టులు వేరు. ఇనప రిమ్ బోల్టులు ఐదూ హార్లిక్స్ సీసాలో వేసి పెట్టాను, అదొక్కటీ నేను చేసిన మంచి పని. ఎంత బిగువు పడిందో చూపే టార్క్ రెంచ్‌తో 160 న్యూటన్ మీటర్లకి బిగించి, ముప్ఫై మైళ్ళ తర్వాత ఆపి మళ్ళీ చూశాం.

సోమవారం టైరు కోసం పక్కనే ఉన్న పెద్ద ఊరు లానెల్లి వెళ్ళాం. లానెల్లి అని రాస్తాం గానీ ఆ 'ల్ల' పలకాలంటే నాలుక పక్కల నుంచి గాలి వదలాలి, నాకు రాలేదు. టైరు వేస్తుండగా ఊళ్ళోకి నడిచాం. బజారు వీధి పేరు చదివి మా ఆయన ఆగిపోయాడు. స్టెప్నీ స్ట్రీట్.

1904లో ఈ ఊరి అన్నదమ్ములు వాల్టర్, టామ్ డేవీస్ తయారు చేసినదే స్టెప్నీ చక్రం. అప్పటి కార్లకి విడి చక్రమే ఉండేది కాదు, దారిలో టైరు పోతే అక్కడే కూర్చుని బాగు చేసుకోవాలి. వీళ్ళు ఊచలు లేని రిమ్‌కి గాలి నింపిన టైరు వేసి, పోయిన చక్రం పక్కనే క్లిప్పులతో బిగించేలా చేశారు. వీధి పేరే దానికి పెట్టారు. అది దేశాలన్నీ తిరిగింది. ఈ దేశంవాళ్ళు ఆ మాట మర్చిపోయారు, మనం తెనాలిలో ఇంకా వాడుతున్నాం. బ్రెజిల్‌లో ఎస్టెపె అంటారు, అదీ ఇదే.

అత్తయ్య గారు ఆ వీధి బోర్డు కింద నిలబడి మా మరిదికి వీడియో కాల్ చేశారు. "ఒరేయ్, మీ నాన్న బండికి స్టెప్నీ పుట్టిన ఊళ్ళో ఉన్నాన్రా" అని. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పక్కనే మార్కెట్లో వెల్ష్ కేకులు కాల్చే ఇనప పెనం చూశారు. గుండ్రంగా, మందంగా, అచ్చం మన దోసె పెనమే. రెండు చేతులతో ఎత్తి చూసి, గోటితో మోగించి, కొనేశారు. బండి దగ్గరకి రాగానే మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తూచినట్టు రెండుసార్లు ఊపి, "నాలుగు కిలోలు ఉంటుందమ్మా" అన్నాడు.

ఆవిడ నా వైపు చూశారు. నేను వెళ్ళి నీళ్ళ ట్యాంకు వాల్వు తిప్పాను.