డేర్‌డెవిల్ సిరీస్: అంత హైప్ ఎందుకు, ఎంతవరకు?

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమన్న విషయం ఒక ప్రశ్న. సూపర్‌హీరో సిరీస్‌లలో ఇంతకు మించింది లేదని పదేళ్లుగా చెప్పుకుంటున్న డేర్‌డెవిల్ నిజంగా అంత గొప్పదా? నా జవాబు ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఊరించడం నాకిష్టం లేదు. గొప్పదే. మొదటి సీజన్, మూడో సీజన్ ఆ పేరుకి తగినవే. అయితే మన కుర్రాళ్లలో చాలామంది దాన్ని ఎందుకు మెచ్చుకుంటున్నారో వింటే నాకు బాధేస్తుంది. "డార్క్‌గా ఉంటుంది, రక్తం ఉంటుంది, ఎముకలు విరిగే సౌండ్ కూడా వినిపిస్తుంది" అంటారు. లైట్లు తగ్గించి, నాలుగు ఎముకలు విరగ్గొడితే కథకి బరువు రాదు. ఈ సిరీస్‌లో నన్ను కట్టిపడేసింది అలసట. ఇందులో మనుషులు అలసిపోతారు. దాని గురించే చెప్తాను. ఇంకా చూడనివాళ్లుంటే ఒక మాట, కథ చాలావరకు బయటపడుతుంది.

2015 ఏప్రిల్ 10న నెట్‌ఫ్లిక్స్ 13 ఎపిసోడ్లనూ ఒకేసారి వదిలింది. అప్పటికి నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి రానేలేదు, 2016 జనవరిలో వచ్చింది. అందుకే ఇక్కడ చాలామందికి సిరీస్ కంటే ముందు దాని పేరు చేరింది. పేరుకంటే ముందు ఒక ఫైట్ క్లిప్ చేరింది. 1964లో స్టాన్ లీ, బిల్ ఎవరెట్ మొదలుపెట్టిన కామిక్ ఇది. 1980ల్లో ఫ్రాంక్ మిల్లర్ చేతిలో పడ్డాకే దానికి ఈ చీకటి రంగు వచ్చింది. కథ తెలిసిందే. చిన్నప్పుడు ట్రక్కులోంచి ఒలికిన రసాయనం కళ్లలో పడి మ్యాట్ మర్డాక్ చూపు పోతుంది, మిగతా ఇంద్రియాలు విపరీతంగా పదునెక్కుతాయి. తండ్రి బాక్సర్. డబ్బు తీసుకుని ఓడిపోవాల్సిన మ్యాచ్‌లో ఓడనందుకు ఆయన్ని చంపేస్తారు. కొడుకు పెద్దయ్యాక పగలు లాయరు, రాత్రి ముసుగు.

ఇప్పుడు ఆ ఫైట్ సంగతి. రెండో ఎపిసోడ్ చివర్లో వస్తుంది. రష్యన్ ముఠా ఒకటి చిన్న పిల్లాణ్ణి ఎత్తుకుపోయి పాత బిల్డింగ్‌లో బంధిస్తుంది. ఇరుకు కారిడార్, పాలిపోయిన లైటు, రెండు పక్కలా గదులు. సుమారు మూడు నిమిషాలు కట్ అనేది కనపడకుండా ఒకే షాట్‌లా నడుస్తుంది. కెమెరా కారిడార్‌లోనే ఉంటుంది. కొట్లాట గదిలోకి వెళ్తే మనకు చప్పుడే వినపడుతుంది, మనిషి కనపడడు. ఒక మైక్రోవేవ్ ఓవెన్ తలుపులోంచి ఎగిరొచ్చి ఒకడికి తగులుతుంది. ఇక్కడిదాకా అందరూ చెప్పేదే.

నేను చూడమనేది మ్యాట్ వీపుని. ఆ కారిడార్‌లోకి వచ్చేటప్పటికే అతని ఒళ్లంతా కుట్లు. రెండు దెబ్బలు కొట్టి గోడకు ఆనుకుంటాడు, ఊపిరి అందదు. కొట్టబోయిన దెబ్బ గురి తప్పుతుంది. కింద పడ్డవాళ్లు కాసేపటికి మళ్లీ లేచి వస్తారు, వాళ్లదీ అదే పరిస్థితి, తూలుతుంటారు. సగం ఫైటయ్యేసరికి ఎవరికీ ఎవర్నీ కొట్టే ఓపిక మిగలదు, అయినా ఎవరూ ఆగరు. హీరో చిటికేస్తే పదిమంది గాల్లోకి లేచే ఫైట్లు చూస్తూ పెరిగినవాళ్లం మనం. అవంటే నాకు ప్రేమే, వాటి అందం వాటిది. కానీ కొట్టడం అనేది కొట్టేవాడికి కూడా నొప్పేనని ఒక సూపర్‌హీరో కథ ఇంత ఓపిగ్గా చూపించడం నేను ఇక్కడే చూశాను.

ఆ ఎపిసోడ్‌లోనే నేను ఒప్పుకోలేని చోటు కూడా ఉంది. ఈ ఫైట్ గురించి మాట్లాడేవాళ్లెవరూ దాని ముందు జరిగే సీన్ గురించి మాట్లాడరు. పిల్లాణ్ణి ఎక్కడ దాచారో కనుక్కోవడానికి మ్యాట్ ఒక రష్యన్‌ని మేడ మీద కట్టేసి చిత్రహింస పెడతాడు. మ్యాట్‌కి ప్రాణం పోసిన నర్సు క్లెయిర్ అక్కడే ఉంటుంది. కత్తి కంటి దగ్గర ఎక్కడ గుచ్చితే నొప్పి భరించలేడో చెప్పేది ఆమే. వాడు చిరునామా చెప్పేస్తాడు, అది నిజమే అవుతుంది, ఆ తర్వాత వాణ్ణి మేడ మీంచి కిందికి తోసేస్తాడు. వెంటనే మనం కారిడార్‌లో ఉంటాం, పిల్లాడి కోసం చప్పట్లు కొడుతూ ఉంటాం. హింసిస్తే నిజం బయటికొస్తుందనే నమ్మకాన్ని కథ ఎంత సులువుగా మన చేతిలో పెట్టేసిందో చూడండి. దెబ్బలకు తాళలేక మనిషి కొట్టేవాడు వినాలనుకున్నదే చెప్తాడు. అందుకే పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం మన సాక్ష్య చట్టం ప్రకారం బ్రిటిష్ కాలం నుంచీ కోర్టులో చెల్లదు. ఈ కథలో హీరో లాయరు. ఆ లాయరు మేడ మీద చేసిన పనికి అబద్ధపు జవాబు ఒక్కటైనా వచ్చి ఉంటే, తప్పు ఇంటి తలుపు ఒక్కటైనా పగిలి ఉంటే, ఈ సిరీస్‌కి మనం ఇస్తున్న "రియలిస్టిక్" అనే మాట నిలబడేది. తర్వాత చర్చికి వెళ్లి ఫాదర్ దగ్గర బాధపడతాడు, నిజమే. కానీ ఆ బాధ తన ఆత్మ గురించి, ఆ మేడ మీద ఉన్న మనిషి గురించి కాదు. సిరీస్‌లో నాకు అన్నింటికంటే పెద్ద లోపంగా కనిపించేది ఇదే.

ఇక విలన్ విల్సన్ ఫిస్క్. ఈ సిరీస్ పేరులో సగం ఆ పాత్ర వేసిన విన్సెంట్ డొనోఫ్రియోకి రావాలి, వచ్చింది కూడా. మూడో ఎపిసోడ్ చివరిదాకా ఆయన మొహం చూపించరు. ఆ పేరు నోటితో పలకడానికే మనుషులు వణుకుతుంటారు. పేరు చెప్పేసిన ఒక కిరాయి హంతకుడు, తన వాళ్లకు ఏం జరుగుతుందోననే భయంతో అక్కడికక్కడే ప్రాణం తీసుకుంటాడు. అంత భయం పెంచి, చివరికి మనకు ఎవర్ని చూపిస్తారు? ఆర్ట్ గ్యాలరీలో తెల్లటి పెయింటింగ్ ముందు నిలబడి, పక్కనున్న వనెస్సా అనే అమ్మాయితో మాట కలపడానికి తడబడే ఒక భారీ మనిషిని. ఆ బొమ్మ చూస్తే ఏమనిపిస్తోందని ఆమె అడిగితే, ఒంటరిగా అనిపిస్తోందంటాడు.

ఎనిమిదో ఎపిసోడ్ దగ్గర కాసేపు ఆగుతాను. ఫిస్క్ ఉదయం ఎలా గడుస్తుందో అందులో చూపిస్తారు. పీడకల నుంచి లేస్తాడు. మంచం మీద కూర్చుని గోడ మీదున్న ఆ తెల్ల పెయింటింగ్ వైపు చూస్తాడు. లేచి ఒక్కడే ఆమ్లెట్ వేసుకుంటాడు, ఉల్లికాడలు సన్నగా తరిగి, చాలా శ్రద్ధగా. బీరువాలో వరసగా ఉన్న నల్ల సూట్లలోంచి ఒకటి తీస్తాడు. కఫ్‌లింక్స్ పెట్టుకుంటాడు, ఎప్పుడూ అవే. అద్దంలో చూసుకుంటే ఒళ్లంతా రక్తంతో ఉన్న ఒక లావు పిల్లాడు కనపడతాడు. అదే ఎపిసోడ్‌లో మనకు తెలుస్తుంది. ఆ కఫ్‌లింక్స్ తండ్రివి. ఎలాంటి మగాడివి కావాలనుకుంటున్నావో ఆలోచించుకో అని గోడ ముందు కూర్చోబెట్టి, పక్క గదిలో తల్లిని బెల్టుతో బాదుతున్న తండ్రిని సుత్తితో కొట్టి చంపిన పిల్లాడు వాడు. ఆ తెల్ల బొమ్మలో ఆయనకు కనపడేది ఆ గోడే. ఈ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మనమే కలుపుకోవాలి. రెండు గంటల సినిమాకి ఈ తీరిక ఉండదు. ఆమ్లెట్ మీద అన్ని నిమిషాలు పెట్టగలిగే తీరిక ఉండటం వల్లే సిరీస్ అనేది అవసరమైంది. ఆ మనిషే నాలుగో ఎపిసోడ్‌లో, వనెస్సాతో భోజనం చేస్తుంటే అడ్డొచ్చాడన్న కోపంతో ఒక రష్యన్ తలను కారు తలుపు వేసి వేసి నుజ్జు చేశాడు. జాలి వేసినందుకు మనం మనల్నే నిలదీసుకోవాల్సి వస్తుంది. ఆ కారు తలుపు సీన్ అంతసేపు అవసరమా అంటే, లేదనే అంటాను. మూడోసారికే మనకు అర్థమైపోయింది.

కథ జరిగే చోటు గురించి కూడా ఒక మాట. హెల్స్ కిచెన్ న్యూయార్క్‌లో నిజంగా ఉన్న పేట. మన్‌హట్టన్ పడమటి వైపు, టైమ్స్ స్క్వేర్ పక్కనే. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లని అడగండి, అద్దెల సంగతి చెప్తారు. సిరీస్‌లో కనిపించే ముఠాల పేట పాత కాలానిది. మరి 2015లో ఎలా చూపిస్తారు? 2012లో గ్రహాంతరవాసుల దాడికి, అంటే అవెంజర్స్ సినిమాలో మనం ఈలలు వేసిన ఆ యుద్ధానికి, సగం పేట కూలిపోయిందంటారు. కూలిన చోట కాంట్రాక్టులు, కాంట్రాక్టులున్న చోట ఫిస్క్. ఎలీనా కార్డెనాస్ అనే ముసలావిడను ఇల్లు ఖాళీ చేయించడానికి పనివాళ్లను పంపి నల్లాలు, కరెంటు పాడుచేయిస్తారు, మరమ్మతు పేరుతో. ఏ నగరంలోనైనా అద్దెకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. దేవుళ్లు ఆకాశంలో కొట్టుకుంటే కింద ఎవరి ఇల్లు పోయిందని అడిగిన కథ ఇది. ఆ ఆలోచన నాకు ఫైట్ల కంటే ఎక్కువ నచ్చింది.

రెండో సీజన్ దగ్గర హైప్ కొంత తగ్గించుకోవాలి. 2016 మార్చిలో వచ్చింది. మొదటి నాలుగు ఎపిసోడ్లు అద్భుతం, నేరస్తులను వేటాడి చంపే పనిషర్‌గా వేసిన జాన్ బెర్న్‌తల్ వల్ల. నాలుగో ఎపిసోడ్‌లో శ్మశానంలో కూర్చుని ఆయన కూతురి గురించి చెప్తాడు. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన రాత్రి, కథ చదవమని ఆ పాప అడిగితే బాగా అలసిపోయాను, రేపు చదువుతానన్నాడట. ఆ రేపు రాలేదు. మ్యాట్ పక్కన కూర్చుని వింటాడు. ఇద్దరూ దెబ్బలతో ఉన్నారు, ఇద్దరికీ లేచే శక్తి లేదు. ఆ తర్వాత కథ నింజాల చేతికి వెళ్లిపోయింది. హ్యాండ్ అనే ముఠా, చచ్చి బతికేవాళ్లు, భూమిలో లోతైన గొయ్యి, ఎన్ని నరికినా తరగని గుంపు. ఎవరికీ నొప్పి తెలియని చోట ఎంత గొప్పగా కొట్టుకున్నా నాకు పట్టలేదు. జపాన్, చైనా మనుషులంటే మంత్రాలు, మత్తుమందులే అన్నట్టు చూపించడం కూడా చిన్న తప్పేమీ కాదు.

మూడో సీజన్ 2018 అక్టోబరులో వచ్చి మళ్లీ నేల మీదికి దించింది. అందులో జైల్లో దాదాపు 11 నిమిషాల షాట్ ఒకటుంది, దాన్ని అందరూ చెప్తారు. నేను ఏజెంట్ నదీమ్ గురించి చెప్తాను. బంధువుల వైద్యం ఖర్చులతో అప్పుల్లో మునిగిన ఒక ఎఫ్‌బీఐ ఉద్యోగి. ప్రమోషన్ కోసం చిన్న చిన్న రాజీలు పడుతూ తెలియకుండానే ఫిస్క్ మనిషైపోతాడు. చచ్చిపోబోయే ముందు అన్నీ ఒప్పుకుంటూ వీడియో రికార్డు చేస్తాడు. అది మరణ వాంగ్మూలంగా నిలబడి ఫిస్క్‌ని కూలుస్తుంది. ముసుగు వేసుకున్నవాడు చేయలేని పని, భయపడుతూనే నిజం చెప్పిన మామూలు మనిషి చేశాడు. ఆ సీజన్ వచ్చిన నెలన్నరకే, నవంబరు చివర్లో, నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌ని ఆపేసింది.

ఒక విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ సిరీస్ విడుదలైన రోజు చూపులేనివాళ్లకు దాన్ని ఆస్వాదించే దారి లేదు. చూపులేని హీరో కథకే ఆ పరిస్థితి. వాళ్లు గట్టిగా అడిగారు. నాలుగు రోజులకే నెట్‌ఫ్లిక్స్ ఆడియో డిస్క్రిప్షన్ ప్రకటించి, డేర్‌డెవిల్‌తోనే మొదలుపెట్టింది. తెర మీద ఏం జరుగుతోందో మాటల మధ్య ఖాళీల్లో ఒక గొంతు చెప్తుంటుంది. ఆ తర్వాత మరెన్నో సిరీస్‌లకు ఆ సౌకర్యం వచ్చింది. మన తెలుగు సినిమాలకు, సిరీస్‌లకు కూడా ఇది అలవాటుగా మారాలని తీసేవాళ్లను మనం అడగాలి. గట్టిగానే అడగాలి.

2025 మార్చిలో మ్యాట్‌గా వేసిన చార్లీ కాక్స్, డొనోఫ్రియో ఇద్దరూ బోర్న్ అగైన్ పేరుతో డిస్నీలో తిరిగొచ్చారు. అందులో ఫిస్క్ న్యూయార్క్ మేయర్. మొదటి ఎపిసోడ్‌లోనే పొడవాటి ఫైట్ పెట్టారు, ఒకే షాట్‌లా. అభిమానులు అదే ఎదురుచూస్తున్నారని వాళ్లకు తెలుసు. బాగా తీశారు. అయితే హైప్ మనకే కాదు, తీసేవాళ్లకూ కళ్లకు గంతలు కడుతుంది. అదే సీజన్ రెండు, మూడు ఎపిసోడ్లలో హెక్టర్ అయాలా అనే ముద్దాయి తరఫున మ్యాట్ కోర్టులో వాదిస్తాడు. ఆ పాత్ర వేసిన కమర్ డి లాస్ రెయెస్ ఆ ఎపిసోడ్లు బయటికి రాకముందే, 2023 చివర్లో చనిపోయారు. బోనులో కూర్చున్న ఆయన మొహంలో ఉన్న అలసటని ఏ స్టంట్ మాస్టరూ కొరియోగ్రాఫ్ చేయలేడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి. ఇదివరకే చూసేసినవాళ్లు ఈ కోర్టు ఎపిసోడ్లు రెండూ చూసి వచ్చే సమావేశానికి రండి, వాటి మీద వాదించుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.